రాక్షస గుళ్ళు ఎవరి సమాధులు?

తెలుగు నేల మీద ఇనుపయుగం నాటి రాతి సమాధులకు ఊళ్ళలో రెండు పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి రాక్షస గుళ్ళు. రెండోది పాండవుల గుళ్ళు. చదువుకున్నవాళ్ళ పుస్తకాల్లో ఇవే బృహత్ శిలా సమాధులు. ఈ మూడు పేర్లలో ఏ ఒక్కదానిలోనూ ఆ సమాధుల్లో ఉన్న మనుషులు కనిపించరు. మొదటి పేరు వాళ్ళని మనుషుల లెక్కలోంచే తీసేసింది. రెండో పేరు వాళ్ళ కష్టాన్ని తీసుకుపోయి రాజకుమారుల ఖాతాలో రాసింది. మూడో పేరు రాయి ఎంత పెద్దదో చెప్పి ఊరుకుంది.

దాదాపు మూడు వేల ఏళ్ళ కిందట ఈ దక్కన్ నేల మీద ఇనుము కరిగించి గొడ్డళ్ళూ కొడవళ్ళూ చేసినవాళ్ళు, నలుపు-ఎరుపు కుండలు కాల్చినవాళ్ళు, చచ్చిపోయినవాళ్ళ ఎముకల్ని రాతి గదుల్లో దాచినవాళ్ళు ఎవరు? ఈ ప్రశ్న పురావస్తు శాఖకే వదిలేయాల్సింది కాదు. చావుని చూసే తీరులో, పాతిపెట్టే చోటులో, ఆ చోటికి పెట్టే పేరులో కులం ఇవ్వాళ్టికీ పనిచేస్తూనే ఉంది కాబట్టి ఇది దళిత అధ్యయనాల ప్రశ్న కూడా. ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది ఒక్కటే: ఈ సమాధుల్లో మన కులం పేరు వెతుక్కోవద్దు, కానీ వీటి మీద మన హక్కుని వదులుకోవద్దు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావని చూపించడమే మా ప్రయత్నం.

పేరు పెట్టేదెవరు?

రాక్షసుడు అనే మాటకి పురాణాల్లో ఉన్న పని మనందరికీ తెలిసిందే. యజ్ఞాన్ని ఒప్పుకోనివాడు, అడవిలో ఉండేవాడు, చంపదగినవాడు. ఆ మాటని ఒక సమాధికి తగిలిస్తే ఏమవుతుంది? దాన్ని తవ్వినా, పగలగొట్టినా, రాళ్ళు మోసుకుపోయినా తప్పు లేకుండా పోతుంది. పాండవుల పేరు ఇంకో రకం పని చేస్తుంది. భీముడు ఒంటిచేత్తో ఎత్తి పెట్టాడని చెప్పుకుంటే, ఆ బండని తాళ్ళతో లాగిన వందలమంది కథలోంచి మాయమవుతారు. ఉత్పత్తి కులాల చాకిరీ దేవుళ్ళ మహిమగా మారిపోయే పద్ధతి ఇదే.

అయితే జనం నోట్లో పడ్డ మాటలో పాత నిజం ఒకటి దాక్కుని ఉంది. గుళ్ళు అంటే గుడికి బహువచనం. మన భాషలో గుడిసె కూడా ఆ మాట పక్కదే. తమిళంలో కుడి అంటే ఇల్లు. కాబట్టి రాక్షస గుళ్ళు అన్నప్పుడు జనం ఆ రాతి గదుల్ని ఎవరివో ఇళ్ళుగా గుర్తుపట్టారని అనుకోవచ్చు. సమాధి కట్టినవాళ్ళ ఆలోచన కూడా దానికి దగ్గరగానే ఉండి ఉంటుంది. లేకపోతే చచ్చిపోయిన మనిషి పక్కన తిండి కుండలూ, పనిముట్లూ ఎందుకు పెడతారు?

ఇరుగుపొరుగు భాషల్లో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. తమిళనాడులో పెద్ద కుండల్లో పెట్టిన సమాధుల్ని ముదుమక్కళ్ తాళి అంటారు. అంటే ముదుసలి జనాల కుండ. అక్కడ చచ్చినవాళ్ళు పెద్దవాళ్ళు, పూర్వీకులు. కర్ణాటకలో కొప్పళ దగ్గరి హిరేబెణకల్ గుట్ట మీది రాతి గదుల్ని మోరియరు అనే పొట్టి మనుషుల ఇళ్ళని చెప్పుకుంటారు. వాళ్ళు వింత మనుషులే గాని రాక్షసులు కారు. కేరళలో గొడుగు ఆకారపు రాళ్ళకి కుడక్కల్లు అని చూసిందే పేరు. ఒకే కాలపు, ఒకే రకపు కట్టడాలు ఒకచోట పెద్దలవయ్యాయి, మరోచోట రాక్షసులవయ్యాయి. పేరు రాయిలోంచి రాదు. ఊళ్ళో కథ చెప్పే అధికారం ఎవరి దగ్గరుందో వాళ్ళ దగ్గర్నుంచి వస్తుంది.

దామరవాయి గుట్ట మీద

పుస్తకాల్లో చదివింది కళ్ళతో చూద్దామని మేం నలుగురం ఒక చలికాలం దామరవాయి పోయాం. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో ఉంటుంది. సమ్మక్క సారలమ్మల మేడారం కూడా ఇదే మండలం. వరంగల్ నుంచి ములుగు, పస్రా మీదుగా పోవాలి. ఊరు దాటి గుట్టెక్కితే అడవిలో చెట్ల మధ్య రాతి గదులు ఒకటి తర్వాత ఒకటి కనిపించడం మొదలవుతాయి. ఒకటో రెండో ఉంటాయనుకుని పోయినవాళ్ళకి అదొక ఊరులాగా తోస్తుంది.

కట్టిన తీరు చూస్తే చేతి పని తెలుస్తుంది. నాలుగు వైపులా నిలబెట్టిన పలకరాళ్ళు, పైన ఒకే ఒక్క కప్పురాయి, చుట్టూ గుండ్రంగా పేర్చిన రాళ్ళ వరస. కొన్నిటి లోపల ఒకే బండని తొలిచి చేసిన రాతి తొట్టి ఉంది. శవాన్నో ఎముకల్నో పెట్టింది అందులోనే. ఇక్కడి ఇసుకరాయి పొరలుగా లేస్తుంది. రాతి గుణం తెలిసినవాళ్ళు పొర వెంట పగలగొట్టి పలకలు తీశారు. కానీ తీయడం వేరు, ఆ పలకని గుట్ట మీద ఇంకోచోటికి తెచ్చి నాలుగు రాళ్ళ మీద సమంగా కూచోబెట్టడం వేరు. తాళ్ళు, దుంగలు, మట్టి కట్ట, వాటన్నిటికీ మించి ఒక్క మాట మీద లాగే గుంపు ఉంటేనే అది సాధ్యం.

చాలా సమాధులు తెరిచేసి ఉన్నాయి. కప్పురాళ్ళు పక్కకి జరిగాయి, కొన్ని విరిగాయి. గుప్తనిధుల పిచ్చి ఏ గుట్టనీ వదల్లేదు. మాకు దారి చూపిన కోయ పెద్దాయన్ని అడిగాం, "తాతా, ఇవి ఎవరివి?" అని. "రాకాసోళ్ళయి అంటరు సారూ. మా తాతలు ఏమనెటోళ్ళంటే, మాకన్న ముందు ఈడ ఉన్నోళ్ళయి అని. మాయి కావు. గానీ మేమైతే ముట్టం. ఒకళ్ళ బొంద మనమెట్ల ముడతం?"

ఈ మాటల్ని మేం మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాం. ఆయన వారసత్వం కోరడం లేదు, రాక్షసులన్న కథనీ పూర్తిగా ఒప్పుకోవడం లేదు. మనకన్నా ముందువాళ్ళు, వాళ్ళ బొందని ముట్టకూడదు, అంతే. ఆ గుట్ట మీద ఇంకా ఏమన్నా మిగిలి ఉందంటే అందులో ఈ మర్యాద పాత్ర కూడా ఉందని మా నమ్మకం.

ఆదివాసుల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. చచ్చినవాళ్ళ పేరున రాళ్ళు నిలబెట్టడం మన దేశంలో చచ్చిపోయిన ఆచారం కాదు. బస్తర్ మరియా గోండుల స్మారక శిలల గురించి గ్రిగ్సన్ 1938లోనే పుస్తకంలో రాశాడు. కోరాపుట్ గదబలు చచ్చినవాళ్ళ కోసం దున్నల్ని కోసి, ఊరంతటికీ పెట్టి, రాళ్ళు నిలబెడతారు. రాయి లాగడం అక్కడ కూలి పని కాదు, చుట్టరికం. ఆ జనమే దామరవాయి కట్టారని దీనర్థం కాదు. అంత పెద్ద రాళ్ళు ఎట్లా కదిలాయో ఊహించడానికి భీముడు అక్కర్లేదని మాత్రం అర్థం.

తవ్వినవాళ్ళూ, రాసినవాళ్ళూ

ఈ సమాధుల గురించి ఇంగ్లీషులో రాయడం రెండొందల ఏళ్ళ కిందట మొదలైంది. మలబారులోని పాండు కుళులు అనే సమాధుల గురించి బాబింగ్టన్ రాసిన వ్యాసం 1823లో అచ్చయింది. నిజాం రాజ్యం నైరుతి అంచున షోరాపూర్‌లో అధికారిగా పనిచేసిన మెడోస్ టేలర్ అక్కడి సమాధుల్ని తెరిపించి, 1860ల్లో ప్రచురించిన వ్యాసంలో వాటిని కెల్టుల, డ్రూయిడుల, సిథియన్ల కట్టడాలతో పోల్చాడు. తన దేశంలో చూసిన రాళ్ళలాగే ఇవీ ఉన్నాయి కాబట్టి అక్కడివాళ్ళే ఇక్కడికీ వచ్చి ఉంటారనే ధోరణి అది.

అంతకన్నా విచిత్రం గోదావరి లోయలోని రాతి శిలువల సంగతి. కాటాపూర్, మల్లూరు ప్రాంతాల్లో సమాధుల పక్కన శిలువ ఆకారపు రాళ్ళున్నాయని మల్హెరాన్ 1868లో తెలియజేశాడు. 1872లో ఫెర్గూసన్ తన పుస్తకంలో వాటిని క్రైస్తవ శిలువలుగా తీసుకుని, ఈ సమాధులు క్రీస్తు తర్వాతివే అని వాదించాడు. తర్వాతి పరిశోధకులు అవి మనిషి ఆకారాలని గుర్తించారు. తల, చాచిన రెండు చేతులు, మొండెం. జానంపేట దగ్గరి తొట్టిగుట్టలో కూడా ఇట్లాంటి మనిషి బొమ్మలు దొరికాయి. ఎవడు చూస్తే వాడి దేవుడే కనిపించాడు తప్ప, ఎదురుగా నిలబడ్డ మనిషి మాత్రం చాలాకాలం కనిపించలేదు.

హైదరాబాద్ చుట్టుపక్కల రాయగిరి లాంటి చోట్ల తవ్వి, 1924లో వ్యాసం రాసిన హంట్ దొర మొదలుకొని, 1947లో బ్రహ్మగిరి తవ్వించిన వీలర్ దాకా రిపోర్టుల్లో కుండల లెక్క ఉంటుంది, ఎముకల లెక్క ఉంటుంది. గడ్డపార పట్టి తవ్వినవాళ్ళ పేర్లు చాలావరకు ఉండవు. సమాధి కట్టినవాళ్ళకీ పేరు లేదు, వేల ఏళ్ళ తర్వాత తవ్వినవాళ్ళకీ పేరు లేదు. రాసినవాళ్ళ పేర్లే మిగిలాయి. చరిత్ర రచన అంటే ఏమిటో విద్యార్థులకి చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఉండదు.

2017లో సిద్దిపేట జిల్లా నంగునూరు మండలం నర్మెటలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. అక్కడి ఒక సమాధి కప్పురాయి 40 టన్నులకు పైగా బరువుంది. దాన్ని లేపడానికి క్రేన్ తెప్పించాల్సి వచ్చింది. పేపర్లలో ఆ రాయి బరువే వార్త. క్రేన్ లేని రోజుల్లో అది అక్కడికి ఎట్లా వచ్చిందన్నది అసలు వార్త కావాలి.

ఇవి మనవాళ్ళవేనా?

సభల్లో, క్లాసుల్లో ఈ విషయం మాట్లాడినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. పాతిపెట్టే ఆచారం మాల మాదిగలది, ఇనుము పని శ్రామిక కులాలది, యజ్ఞం ఆనవాళ్ళు ఇక్కడ లేవు, కాబట్టి ఇవి దళితుల పూర్వీకుల సమాధులే కదా? ఈ ప్రశ్న వెనుక ఉన్న ఆకలి మాకు తెలుసు. ఊరి చరిత్రలో ఒక్క శాసనంలో కూడా పేరు లేని జనానికి మూడు వేల ఏళ్ళ రాయి ఒకటి దొరికితే దాన్ని పట్టుకోవాలనిపించడం సహజం.

కానీ ఈ వాదన నిలబడదు. పాతిపెట్టడం దళితుల ఒక్కరిదే కాదు. లింగాయతులు, జంగాలు పాతిపెడతారు. సన్యాసుల్నీ, చిన్నపిల్లల్నీ బ్రాహ్మణులు కూడా పాతిపెడతారు. రుగ్వేదంలోనే మట్టిలో పెట్టే ప్రస్తావన ఉంది. పాతిపెట్టే ఆచారాన్ని బట్టి కులాన్ని తేల్చలేం.

ఇంతకన్నా పెద్ద కారణం అంబేడ్కర్ దగ్గర ఉంది. 1948లో అచ్చయిన తన అంటరానివాళ్ళ గ్రంథంలో ఆయన అంటరానితనానికి జాతి మూలమన్న వాదాన్నీ, వృత్తి మూలమన్న వాదాన్నీ రెంటినీ తోసిపుచ్చాడు. చెల్లాచెదురైన తెగల మనుషులు ఊరి బయట స్థిరపడటం, బౌద్ధాన్ని వదలకపోవడం, గొడ్డుమాంసం తినడం మానకపోవడం, ఈ క్రమంలో క్రీ.శ. 400 ప్రాంతంలో అంటరానితనం పుట్టిందని ప్రతిపాదించాడు. ఆయన చెప్పిన తేదీ మీద చర్చ ఉండొచ్చు. పద్ధతి మాత్రం గట్టిది. అంటరానితనం రక్తంలో లేదు, చరిత్రలో ఒక కాలంలో పుట్టింది. మన రాతి సమాధుల కాలాన్ని స్థూలంగా క్రీ.పూ. 1200 నుంచి క్రీ.పూ. 300 దాకా అంటారు. కొన్నిచోట్ల క్రీస్తు శకం మొదటి శతాబ్దాల దాకా సాగింది. అంటే అంబేడ్కర్ లెక్క ప్రకారం ఈ సమాధుల్లో ఎక్కువ భాగం అంటరానితనం కన్నా ముందువి. ఇంకా పుట్టని కులాన్ని అందులో ఎట్లా వెతుకుతాం?

1950ల్లో హైమెన్‌డార్ఫ్ ఈ సమాధుల జనమే ద్రావిడ భాషల్ని దక్షిణానికి తెచ్చారని ప్రతిపాదించాడు. దాన్ని పట్టుకుని కొందరు మూలవాసి రక్తం, వలస రక్తం అని గీత గీశారు. రేపు పాత ఎముకల డీఎన్ఏ పరీక్షలు ఇంకో గీత గీయొచ్చు. గీత మనకి అనుకూలంగా పడ్డా సరే, మనం దాని మీద ఆధారపడకూడదు. రక్తం చూపించి హక్కు అడిగితే, రక్తం చూపించి హక్కు కాదనే వాదాన్ని కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది. అంబేడ్కర్ ఆ దారిలో పోలేదు.

అట్లాగని ఇవి సమసమాజపు ఆనవాళ్ళని పొగడటం కూడా సరికాదు. అందరికీ 40 టన్నుల కప్పురాయి రాలేదు. కొన్ని సమాధుల్లో కార్నీలియన్ పూసలు, ఆయుధాలు, బంగారం. మరికొన్నిట్లో నాలుగు కుండలు. ఏ రాయీ, ఏ గుంటా లేకుండా పోయినవాళ్ళు ఇంకెంతమందో. పెద్దా చిన్నా తేడా అప్పటికే వచ్చింది. అయితే తేడా ఉండటం వేరు, ముట్టుకుంటే మైల అనడం వేరు. మొదటిదానికి ఈ సమాధులు సాక్ష్యం చెబుతాయి, రెండోదానికి చెప్పవు. కులం అనాది కాదని చెప్పడానికి మనకి ఇంత చాలు.

బొందలగడ్డ ఎవరిది?

ఇప్పుడు ఊళ్ళోకి వద్దాం. తెలంగాణ పల్లెల్లో చావు కబురు మోసినవాళ్ళు, డప్పు కొట్టినవాళ్ళు, బొంద తవ్వినవాళ్ళు, కట్టెలు కొట్టినవాళ్ళు ఎవరు? వెట్టి కింద ఇదంతా మాల మాదిగల పని. ఊరందరి చావులకీ చాకిరీ చేసినవాళ్ళకి తమ చావుకి జాగా ఉండదు. చెరువు శిఖంలోనో, వాగు ఒడ్డునో, ఎవరికీ పనికిరాని పోరంబోకులోనో పాతిపెడతారు. చెరువు నిండితే బొందలు మునుగుతాయి. భూమి ధర పెరిగితే ఆ చోటుకి కొత్త పట్టాదారు పుట్టుకొస్తాడు. రాయి పెట్టే స్తోమతు లేదు, పెట్టినా నిలవనివ్వరు. మా తాతల్లో చాలామంది ఎక్కడున్నారో మా ఇళ్ళల్లో వేలు పెట్టి చూపించగలిగినవాళ్ళు లేరు.

2019లో మొదలైన పల్లె ప్రగతి కింద తెలంగాణ పంచాయతీల్లో శ్మశానాలు కట్టించారు. సౌకర్యం మంచిదే, కాదనం. కానీ పేరు చూడండి: వైకుంఠధామం. దహన వేదికలు అందులో ముఖ్యమైన కట్టడం. పాతిపెట్టే జనం ఉన్న ఊళ్ళో, విష్ణువు పేరు చెప్పుకోని జనం ఉన్న ఊళ్ళో సర్కారు ఖర్చుతో కట్టిన శ్మశానానికి వైకుంఠం అని పేరు పెట్టడం మాకు చిన్న విషయంగా కనిపించడం లేదు. మూడు వేల ఏళ్ళ కిందటి సమాధిని రాక్షసుల గుడి అన్నదీ, నిన్నటి శ్మశానాన్ని వైకుంఠం అన్నదీ ఒకే అధికారం.

దీనికి ఎదురు నిలిచిన సమాధులు కూడా మన నేల మీదే ఉన్నాయి. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో అగ్రకుల గుంపులు ఎనిమిదిమంది దళితుల్ని వేటాడి చంపాయి. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అంటే చంపడంతో ఆగలేదు, బొంద కూడా లేకుండా చేయాలనుకున్నారు. దళితులు ఆ శవాల్ని ఊరి బయట పాతిపెట్టడానికి ఒప్పుకోలేదు. ఊరి నడుమ పాతిపెట్టి, ఆ చోటుకి రక్తక్షేత్రం అని తామే పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందర్నీ నిర్దోషులుగా వదిలేసింది. కోర్టు కాగితం ఒక మాట చెప్పి మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఆ సమాధులు మాత్రం చెప్పిన మాటే చెబుతున్నాయి.

దామరవాయి రాళ్ళని అర్థం చేసుకోవడానికి మాకు దారి చూపింది చుండూరే. సమాధి అంటే చచ్చినవాళ్ళ కోసం కట్టేది ఎంతో, బతికినవాళ్ళు ఈ నేల మీద మేమున్నాం అని చెప్పుకునేది కూడా అంతే. లిపి లేని కాలంలో దస్తావేజు అదే. అందుకే దాన్ని లాక్కునేవాళ్ళు మొదట పేరు మారుస్తారు, తర్వాత రాళ్ళు మోసుకుపోతారు.

మనం చేయాల్సింది

2025 మార్చిలో నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ రాళ్ళలో ఒకదాన్ని జనం ఎల్లమ్మగా కొలుస్తున్నారు. పూజలో ఉన్న రాయికి కాపలా ఉంటుంది. జాబితాకెక్కిన రాయికి కంచె వస్తుంది. ఈ రెండూ లేని వందల సమాధులు క్వారీలకీ, ప్లాట్లకీ, పొలం గట్లకీ పోతున్నాయి. మౌలాలి, హష్మత్‌పేటల్లో నగరం చాలావాటిని మింగేసింది.

ఉద్యమకారులకీ, టీచర్లకీ, విద్యార్థులకీ మా వినతి ఇది. మీ ఊరి చుట్టూ ఉన్న పాత సమాధుల్ని లెక్కపెట్టండి. ఏ గుట్ట, ఏ సర్వే నంబరు, ఎన్ని మిగిలాయి, రాళ్ళు ఎటు పోతున్నాయి, రాసి పెట్టండి. వాటి గురించి ఊళ్ళో ఏ కులం వాళ్ళు ఏ కథ చెబుతారో విడివిడిగా రాసుకోండి. ఊరు చెప్పే కథా, వాడ చెప్పే కథా ఒకటి కాకపోవచ్చు. అదే నోటుబుక్కులో రెండో పేజీ తీసి మీ వాడ బొందలగడ్డ గురించి కూడా రాయండి. అది పహాణీలో ఎవరి పేరున ఉంది? ఎన్ని గుంటలుండేది, ఎన్ని మిగిలింది? దారి ఉందా? ముసలివాళ్ళు బతికి ఉండగానే ఎవరిని ఎక్కడ పాతిపెట్టారో అడిగి గుర్తులు పెట్టించండి.

రెండు పేజీలూ కలిపి తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. మొదటి పేజీకి పురావస్తు శాఖ నుంచీ, రెండో పేజీకి రెవెన్యూ శాఖ నుంచీ రాతపూర్వకంగా జవాబు అడగండి.